మన మిక్సీ అక్కడ ఎందుకు తిరగదు: విదేశీ ప్రయాణంలో ఇంటి కరెంటు సామాన్లు

క్లుప్తంగా: విదేశానికి తీసుకెళ్లిన వస్తువు అక్కడ పనిచేస్తుందా లేదా అన్నది ప్లగ్గు ఆకారం మీద కాదు, వోల్టేజీ మీద ఆధారపడి ఉంటుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు ఎక్కడైనా పనిచేస్తాయి. మిక్సీ, గ్రైండర్, కుక్కర్, వాటర్ హీటర్ రాడ్ లాంటివి గల్ఫ్, సింగపూర్, బ్రిటన్‌లలో చాలావరకు నడుస్తాయి కానీ అమెరికా, కెనడా, జపాన్‌లలో నడవవు. అమెరికాలో కొన్న వస్తువును ఇక్కడి బోర్డులో పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం.

సరిహద్దు దాటినా మారనిది

ఆంధ్రలోని పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్లేవాళ్లు, ఇచ్ఛాపురం నుంచి బరంపురం వెళ్లేవాళ్లు ఫోన్ ఛార్జర్ పనిచేస్తుందో లేదో అని ఆలోచించరు. రాష్ట్రం మారుతుంది, బిల్లు మీద లిపి మారుతుంది. కరెంటు ఇచ్చే సంస్థ కూడా మారుతుంది: అటు ఆంధ్రలో ఏపీఈపీడీసీఎల్, ఇటు 2021 నుంచి టాటా పవర్ ఆధ్వర్యంలోని దక్షిణ ఒడిశా విద్యుత్ పంపిణీ సంస్థ. కానీ గోడలోని బోర్డులో వచ్చేది రెండు చోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్జులే (అంటే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు). కోరాపుట్ జిల్లాలోని మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955 నుంచి ఆంధ్ర, ఒడిశా రెండు వైపులా కరెంటు పంచుతోంది. 2013 డిసెంబరు 31 నుంచి దేశమంతా ఒకే గ్రిడ్‌గా, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తోంది.

ఈ అలవాటు వల్లనే విదేశీ ప్రయాణం అనగానే తికమక మొదలవుతుంది. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో పిల్లలు చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్తున్నారు, కూలి పనులకూ టెక్నీషియన్ పనులకూ గల్ఫ్ వెళ్లేవాళ్లూ ఉన్నారు. 2023 మేలో భువనేశ్వర్ నుంచి దుబాయికి నేరుగా విమానం మొదలయ్యాక ఈ దారి ఇంకా దగ్గరైంది. మనవల్ని చూడటానికి ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రుల పెట్టెల్లో అప్పడాలు, ఆవకాయతో పాటు చిన్న మిక్సీయో, ఇడ్లీ పిండికి టేబుల్ టాప్ గ్రైండరో చేరుతోంది. బజారులో ‘యూనివర్సల్’ అని రాసి ఉన్న అడాప్టర్ ఒకటి కొంటే పని అయిపోతుందని చాలామంది నమ్మకం. ఆ అడాప్టర్ చేసేది పిన్నుల ఆకారం మార్చడం ఒక్కటే. లోపల వచ్చే వోల్టులను అది ముట్టుకోదు.

లో వోల్టేజీ, హై వోల్టేజీ: ఊళ్లో తెలిసిన సంగతే

ఈ విషయం అర్థం చేసుకోవడానికి సరిహద్దు ఊళ్ల వాళ్లకు కొత్త పాఠం అక్కర్లేదు. వేసవి సాయంత్రం వోల్టేజీ 170కి పడిపోతే ఏమవుతుందో అందరూ చూసినదే. ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, మిక్సీ మూలుగుతుంది, ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ కాలేక హమ్ అని వేడెక్కుతుంది. మన వస్తువుకు అమెరికా కరెంటు శాశ్వతమైన లో వోల్టేజీ. అక్కడ ఇంటి బోర్డులో వచ్చేది 120 వోల్టులు, జపాన్‌లో అయితే 100 వోల్టులే.

రెండో అనుభవం దీనికి తిరగేసినది. వీధి లైనులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగినప్పుడు కొన్ని ఇళ్లకు 230 బదులు 400 వోల్టులకు దగ్గరగా వచ్చేస్తాయి. టీవీలు, ఛార్జర్లు, బల్బులు ఒక్కసారిగా కాలిపోతాయి. అమెరికాలో కొన్న 120 వోల్టుల వస్తువును మన ఇంట్లో పెడితే దానికి జరిగేది సరిగ్గా ఇదే, తట్టుకోగలిగిన దానికి దాదాపు రెట్టింపు వోల్టేజీ.

ఇక్కడ స్టెబిలైజర్ సంగతి చెప్పాలి. లో వోల్టేజీకి స్టెబిలైజర్ వాడే అలవాటు ఉన్నవాళ్లు ఇంట్లోదే పట్టుకెళ్తే సరిపోతుంది కదా అనుకుంటారు. సరిపోదు. ఇంటి స్టెబిలైజర్ 230కి అటూ ఇటూ ఒక పరిధిలో ఊగే కరెంటును సరిచేయడానికి తయారైంది. 120ని దాదాపు రెట్టింపు చేయడం మామూలుగా దాని పరిధిలోకి రాదు.

ఏది బతుకుతుంది, ఏది బతకదు

వస్తువులన్నిటినీ మూడు రకాలుగా చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదటివి వేడి చేసేవి: వాటర్ హీటర్ రాడ్, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, కెటిల్. వీటిలో ఉండేది ఒక కాయిల్. దానిలో పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. అంటే వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 1,500 వాట్ల రాడ్డు 120 వోల్టుల దగ్గర సుమారు 400 వాట్ల వేడే ఇస్తుంది. 15 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించడానికి ఇక్కడ 17, 18 నిమిషాలు పడితే అక్కడ గంట దాటుతుంది. ఈలోగా నీళ్ల నుంచి గాలిలోకి పోయే వేడిని కూడా లెక్క వేస్తే ఇంకా ఆలస్యమే. ప్రమాదం లేదు, పని మాత్రం జరగదు. కుక్కర్ విషయంలోనూ అంతే, బియ్యం నానుతాయి తప్ప అన్నంగా ఉడకవు.

రెండోవి మోటారువి. మిక్సీలో ఉండేది బ్రష్షులున్న యూనివర్సల్ మోటారు. సగం వోల్టేజీకి అది నెమ్మదిగా తిరుగుతుంది, కొబ్బరి ముక్కలో, నానిన పప్పో వేస్తే ఆగిపోతుంది. గ్రైండర్‌లోది ఇండక్షన్ మోటారు. ఇది ఇంకా మొండిది. తక్కువ వోల్టేజీకి రాయిని కదిలించే బలం రాదు. కదలకుండా నిలబడిన మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ (లోపలి తీగ చుట్లు) కాలేదాకా వేడెక్కుతుంది. పైగా దాని వేగం ఫ్రీక్వెన్సీతో కట్టేసి ఉంటుంది. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారుకు 50 హెర్ట్జుల దగ్గర నిమిషానికి 1,500 చుట్లు పై హద్దు అయితే, 60 హెర్ట్జుల దగ్గర అది 1,800 అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసినా ఫ్రీక్వెన్సీ మారదు.

మూడోవి ఎలక్ట్రానిక్ ఛార్జర్లు. ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా, చాలా ట్రిమ్మర్ల ఛార్జర్లు ఈ రకం. వీటిలోకి వచ్చిన ఏసీ కరెంటు (అటూ ఇటూ ఊగేది) ముందు డీసీగా (ఒకే వైపు పారేదిగా) మారుతుంది, తర్వాత లోపలి స్విచింగ్ సర్క్యూట్ దాన్ని సెకనుకు వేలసార్లు కోసి, కావలసినంత వోల్టేజీని మాత్రమే బయటికి పంపుతుంది. లోపలికి వచ్చేది 100 అయినా 240 అయినా ఆ సర్క్యూట్ సర్దుకుంటుంది. అందుకే జయపురంలో కొన్న ఫోన్ ఛార్జర్ టోక్యోలోనూ చికాగోలోనూ నిశ్చింతగా పనిచేస్తుంది.

ఇండక్షన్ స్టవ్‌లోనూ ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కదా అని దాన్ని ఈ మూడో రకంలో వేయకూడదు. మన దగ్గర అమ్మేవి 230 వోల్టులకే తయారైనవి. 120 దగ్గర అవి లో వోల్టేజీ అని ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.

ఏ రకమో తేల్చేది వస్తువు అడుగున ఉండే చిన్న లేబుల్. ఛార్జర్ మీద ‘ఇన్‌పుట్ 100-240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే అది ఎక్కడికైనా వెళ్తుంది. ‘230 వోల్ట్స్, 50 హెర్ట్జ్’ అని ఒక్క అంకె మాత్రమే ఉంటే అది మన తరహా కరెంటు ఉన్న దేశాలకే పరిమితం. ‘220-240’ అని ఉన్నా అర్థం ఇదే, ఆ రెండు అంకెలు చూసి అమెరికాకూ పనికొస్తుందని పొరపడకూడదు. కొన్ని ట్రావెల్ ఇస్త్రీ పెట్టెలకు 110, 220 అని మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని 110లో ఉంచి ఇంటికొచ్చి ప్లగ్గులో పెట్టడం వల్ల కాలిపోయేవి ఎక్కువ.

ప్రపంచం ఇలా ఎందుకు విడిపోయింది

ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అప్పటి కార్బన్ బల్బులకు సరిపడేలా 110 వోల్టుల ప్రాంతంలో ఇచ్చాడు. తర్వాత యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీలో, 220 వోల్టుల వైపు మళ్లారు. ఒకే పనికి వోల్టేజీ రెట్టింపు చేస్తే తీగలో పారే కరెంటు సగానికి తగ్గుతుంది, తీగలో వృథా నాలుగో వంతుకు పడిపోతుంది. సన్నని రాగి తీగతో పని నడుస్తుంది. అమెరికాలో అప్పటికే ఇళ్లలో 110 వోల్టుల సామాన్లు చాలా చేరిపోవడంతో వెనక్కి తిరగలేకపోయారు.

జపాన్ కథ దీనికన్నా విచిత్రం. టోక్యో వాళ్లు 1890ల్లో జర్మనీ జనరేటర్లు కొన్నారు, అవి 50 హెర్ట్జులవి. ఒసాకా వాళ్లు అమెరికా జనరేటర్లు కొన్నారు, అవి 60 హెర్ట్జులవి. ఇప్పటికీ దేశం తూర్పు సగం 50, పడమటి సగం 60 మీదే ఉంది. 2011 భూకంపం, సునామీ తర్వాత తూర్పు జపాన్ కరెంటు లేక అల్లాడుతుంటే పడమటి వైపు నుంచి పంపగలిగింది సుమారు 1,000 మెగావాట్లే, ఫ్రీక్వెన్సీ మార్చే కేంద్రాల సామర్థ్యం అంతకే పరిమితం. మాచ్‌ఖండ్ కరెంటు రెండు రాష్ట్రాలకూ ఏ అడ్డూ లేకుండా పారడం ఎంత పెద్ద సౌకర్యమో ఈ పోలికలో తెలుస్తుంది.

ప్లగ్గుల కథ వేరు. మనం వాడే మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు బ్రిటన్‌దే, అక్కడ 1934లో ప్రమాణంగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాగి కొరతతో బ్రిటన్ ఇళ్ల వైరింగ్ పద్ధతినే మార్చుకుని, 1947లో చదునైన మూడు పిన్నులు, లోపల ఫ్యూజు ఉన్న కొత్త ప్లగ్గు తెచ్చింది. సింగపూర్, మలేసియా, గల్ఫ్ దేశాలు ఆ కొత్త ప్లగ్గుకు మారాయి. మనం పాతదాని దగ్గరే ఉండిపోయాం. అందుకే బరంపురం నుంచి దుబాయి వెళ్లినవాళ్లకు వోల్టేజీ కలుస్తుంది, పిన్ను మాత్రం కలవదు. ప్రపంచానికంతా ఒకే ప్లగ్గు ఉండాలని 1986లో ఒక అంతర్జాతీయ నమూనా తయారైంది. దాన్ని పట్టించుకున్నవి ప్రధానంగా బ్రెజిల్, దక్షిణాఫ్రికా.

గల్ఫ్‌లో: వోల్టులు కలిసినా

యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో వోల్టేజీ 230, 240 మధ్య, ఫ్రీక్వెన్సీ 50. మన మిక్సీ, కుక్కర్ అక్కడ బాగానే నడుస్తాయి. సౌదీ అరేబియాలో ఇప్పుడు ప్రమాణం 230 వోల్టులే అయినా ఫ్రీక్వెన్సీ 60. పాత భవనాల్లో 127 వోల్టుల సాకెట్లు కూడా ఎదురవుతాయి కాబట్టి గదిలో దిగగానే అడిగి తెలుసుకోవాల్సిందే.

గల్ఫ్‌లో ప్రమాదం వోల్టేజీతో కాదు, ప్లగ్గు దగ్గర చేసే సర్దుబాటుతో వస్తుంది. బ్రిటన్ తరహా సాకెట్‌లో కింది రెండు రంధ్రాలకు మూతలుంటాయి, పైనున్న ఎర్త్ పిన్ను లోపలికి వెళ్తేనే అవి తెరుచుకుంటాయి. పిల్లల వేళ్లు, మేకులు దూరకుండా చేసిన ఏర్పాటు అది. చాలామంది పై రంధ్రంలో పెన్ను మూతో, స్క్రూడ్రైవరో దూర్చి మూతలు తెరిచి, మన రెండు పిన్నుల ప్లగ్గును బలవంతంగా నెడతారు. దీనిలో రెండు నష్టాలున్నాయి. పిన్నులు వదులుగా పట్టి, ఆ చోట వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. రెండోది అంతగా కనిపించదు: బ్రిటన్ పద్ధతిలో గోడ వెనక సర్క్యూట్ 32 ఆంపియర్ల దాకా కరెంటు పోనిస్తుంది, సన్నని వైరుకు రక్షణ ప్లగ్గులోని ఫ్యూజే. మన ప్లగ్గులో ఆ ఫ్యూజు ఉండదు. వైరు షార్ట్ అయితే కాపాడేది దగ్గరలో ఏదీ లేనట్టే. 13 ఆంపియర్ల ఫ్యూజు, నిజమైన ఎర్త్ ఉన్న అడాప్టర్ ఖరీదు ఒక పూట భోజనం ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది. దాని దగ్గర పొదుపు చేయడం ఏ విధంగానూ సబబు కాదు.

ఎర్త్ విషయం మరీ ముఖ్యం. చవక యూనివర్సల్ అడాప్టర్లలో మూడో పిన్ను దూరడానికి రంధ్రం ఉంటుంది కానీ లోపల దానికి తీగ ఉండదు. ఫోన్ ఛార్జర్‌కు ఎర్త్ అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె, రాడ్డు, స్టీలు బాడీ గ్రైండర్‌కు తప్పనిసరి.

ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకెళ్లి, ఒకే అడాప్టర్ మీద నాలుగైదు మన ప్లగ్గులు పెట్టుకోవడం మంచి ఉపాయమే, ఛార్జర్లకు. అదే బోర్డులో కుక్కరూ ఇస్త్రీ పెట్టే కలిపితే భారమంతా ఆ ఒక్క అడాప్టర్ మీదే పడుతుంది. దాని మీద 6 ఆంపియర్లు అని రాసి ఉంటే 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే హద్దు. ఇక కార్మికుల క్యాంపుల్లో గదిలో హీటర్లు, స్టవ్‌లు వాడనివ్వని చోట్లు చాలా. ఆ నిబంధన వెనక ఉన్న కారణం అగ్ని ప్రమాదమే.

అమెరికాకు ట్రాన్స్‌ఫార్మర్ మోయడం లాభమా?

లాభం లేదనే చెప్పాలి. 120ని 230 చేసే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి. కానీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవడం మంచిది. ఇనుప కోరు, రాగి చుట్లతో అది కిలోల కొద్దీ బరువు. పైగా అక్కడి మామూలు సాకెట్ 15 ఆంపియర్లది, అంటే 1,800 వాట్లు. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ను ట్రాన్స్‌ఫార్మర్ మీద పెడితే గోడ నుంచి 17 ఆంపియర్ల దాకా లాగుతుంది, బ్రేకర్ పడిపోతుంది.

బరువు లేకుండా చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు కూడా అమ్ముతారు. వాటిలో చాలామటుకు తలవెంట్రుకల డ్రయ్యర్ లాంటి వేడి వస్తువులను కొద్దిసేపు వాడుకోవడానికి చేసినవి. కరెంటు తరంగాన్ని ముక్కలు చేసి పంపుతాయి కాబట్టి మోటార్లకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు పనికిరావు.

అమెరికా ఇళ్లలో బట్టల డ్రయ్యర్‌కు, కుకింగ్ రేంజ్‌కు 240 వోల్టుల సాకెట్ ఉంటుంది, మన మిక్సీ దానికి పెట్టుకోవచ్చు కదా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. అక్కడ ఆ 240 రెండు లైవ్ తీగల (కరెంటు ఉండే తీగల) మధ్య వస్తుంది, ఒకటి లైవ్, ఒకటి న్యూట్రల్ కాదు. మన వస్తువుల స్విచ్ ఒక తీగనే తెంచుతుంది. స్విచ్ ఆపినా లోపల రెండో తీగలో కరెంటు ఉంటుంది. దీని జోలికి పోకపోవడమే మంచిది.

మిక్సీ, గ్రైండర్ తప్పనిసరి అనుకునేవాళ్లకు సరైన దారి 110 వోల్టులకు, అంటే అమెరికా కరెంటుకు, మన దేశంలోనే తయారైన మోడల్ కొనడం. అవి అమెరికాలోని ఇండియన్ స్టోర్లలోనూ దొరుకుతాయి. అలాంటిది ఇక్కడే కొంటే పొరపాటున కూడా ఇంట్లో పెట్టి ‘ఒకసారి తిప్పి చూద్దాం’ అనకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు

పిల్లలు అమెరికా నుంచి పంపే హెయిర్ డ్రయ్యర్, కాఫీ మెషిన్, ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ లాంటివాటిని ఒకసారి లేబుల్ చూడకుండా బోర్డులో పెట్టకూడదు. 120 వోల్టులకు 1,500 వాట్లుగా తయారైన డ్రయ్యర్ 230 దగ్గర 5,500 వాట్లు లాగబోతుంది. లోపలి కాయిల్ క్షణాల్లో ఎర్రబడి తెగుతుంది, తెగేలోపు ప్లాస్టిక్ అంటుకోవచ్చు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించినా మోటారున్నవి, 60 హెర్ట్జులకే చేసిన మైక్రోవేవ్ లాంటివి మన 50 హెర్ట్జుల మీద ఎక్కువ వేడెక్కుతాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీని లెక్కబెట్టి నడిచే పాత తరహా గడియారమైతే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.

మందులతో పాటు వెళ్లే యంత్రాలు

పెద్దవాళ్ల ప్రయాణంలో నెబ్యులైజర్‌ను (మందును తుంపరగా చేసి పీల్చుకోవడానికి ఇచ్చే యంత్రాన్ని) మిక్సీతో సమానంగా చూడకూడదు. మిక్సీ ఆగితే చట్నీ ఆగుతుంది, ఇది ఆగితే ఊపిరికే ఇబ్బంది. కంప్రెసర్‌తో పనిచేసే ఇంటి నెబ్యులైజర్లు చాలావరకు 230 వోల్టులు, 50 హెర్ట్జులకే చేసినవి. అమెరికా వెళ్తుంటే బ్యాటరీ లేదా యూఎస్‌బీతో నడిచే మెష్ రకం గురించి ముందే డాక్టరును అడగాలి. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ యంత్రాల అడాప్టర్లు సాధారణంగా 100-240 రకమే, అయినా లేబుల్ చూడటం తప్పదు.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిలవుండే శక్తి కొలత) దాకా విమాన సంస్థ అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య అయితే కావాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్లు, కాబట్టి మామూలువి హద్దులోనే ఉంటాయి.

ముందు ముందు ఏం మారుతుంది

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలకు యూఎస్‌బీ టైప్-సి పోర్టు తప్పనిసరి అయింది, ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. ఈ నియమం అక్కడిదే అయినా తయారీదార్లు ప్రపంచమంతటికీ దాదాపు అదే మోడల్ చేస్తున్నారు. కాబట్టి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వరకు ‘ఇంటి ఛార్జర్ మర్చిపోయాం’ అనే టెన్షన్ తగ్గుతోంది. వెళ్లిన ఊళ్లో ఆ దేశపు పిన్నులున్న టైప్-సి ఛార్జర్ ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

వంటింటి సామాన్లకు మాత్రం ఈ మార్పు ఇప్పట్లో తగలదు. టైప్-సి తీగ మీద ప్రస్తుత ప్రమాణం ప్రకారం పంపగలిగిన గరిష్ఠ శక్తి 240 వాట్లు. చిన్న మిక్సీకే 500 వాట్లు కావాలి, కుక్కర్‌కు 700, రాడ్డుకు 1,500. అవి ఇంకా చాలాకాలం గోడలోని సాకెట్ మీదే ఆధారపడతాయి. వాటిని పెట్టెలో సర్దేముందు అడుగున లేబుల్ చదవడం మానడానికి వీల్లేదు.